బాస్కెట్‌బాల్ కోర్టుల సితార్: 1971 బంగ్లాదేశ్ కాన్సర్ట్ మీద నా రివ్యూ

నమస్తే అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు. పాలమూరు నుంచి మాట్లాడుతున్న. ఎప్పుడు మ్యాచుల గురించే మాట్లాడుకుంటం గదా, ఇయ్యాల కూడ కోర్టు ముచ్చటే కానీ ఆ కోర్టుల ఆట గాదు, పాట. న్యూయార్క్‌ల మాడిసన్ స్క్వేర్ గార్డెన్, నిక్స్ బాస్కెట్‌బాల్ టీమ్ ఆడే జాగ, అక్కడ 1971 ఆగస్టు 1న కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్ అయింది, దాన్ని సినిమా తీసిన్రు, మొన్న రాత్రి రెండోసారి చూసిన. ఎందుకు చూసిన్నంటే 2024 ఆగస్టుల బంగ్లాదేశ్‌ల స్టూడెంట్లు రోడ్ల మీదికొచ్చి ప్రధాని షేక్ హసీనా దేశం ఇడిసిపోయినప్పటి సంది ఆ వార్తలు చూస్తనే ఉన్న, అసలు ఆ దేశం పుట్టిననాడు ఏం జరిగిందో తెల్సుకోకుండ ఈ వార్తలు నాకు సమజ్ కావనిపించింది.

అప్పుడు బంగ్లాదేశ్ తూర్పు పాకిస్తాన్, పాకిస్తాన్‌ల భాగం. 1970 నవంబర్‌ల అక్కడ భోలా తుఫాను లక్షల మందిని మింగింది, అది మర్వకముందే 1971 మార్చిల పాకిస్తాన్ సైన్యం దాడులు మొదలైనయి, దగ్గర దగ్గర కోటి మంది ప్రాణాలు చేత పట్టుకొని మన దేశంలకు వచ్చిన్రు. సితార్ వాయించే పండిట్ రవిశంకర్ గారు బెంగాలీ, ఆయన పాణం ఆగలే. దోస్తు, బీటిల్స్ బ్యాండ్ జార్జ్ హారిసన్‌ను సాయం అడిగిన్రు, 25 వేల డాలర్లు జమైతే చాలనుకున్నరట. హారిసన్ ఫోన్ల మీద ఫోన్లు చేసి బాబ్ డిలాన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్, ఇట్ల పేరున్న మ్యూజిక్ వాళ్ళను ఒక్కొక్కర్ని ఒప్పించి కొన్ని వారాలల్లనే నిలబెట్టిండు. ఒక్కటే రోజు రెండు షోలు, 40 వేల మంది దాక వచ్చిన్రు.

నాకు పాటలకంటే ముందు వచ్చే ఒక సీన్ మస్తు నచ్చింది. రవిశంకర్ గారు సితార్ పట్టుకొని, అలీ అక్బర్ ఖాన్ గారు సరోద్ పట్టుకొని, అల్లారఖా గారు తబలా ముందట కూసొని శృతి చేసుకుంటుంటరు. ఆపంగనే జనం చప్పట్లే చప్పట్లు, వాళ్ళు అదే పాట అనుకున్నరు. రవిశంకర్ గారు నవ్వి, శృతే ఇంత నచ్చితే ఇగ వాయిస్తే ఇంకా నచ్చుతదనుకుంట అన్నట్టు చెప్తరు. జనాన్ని ఒక్క మాటతోటి చిన్నబుచ్చలేదు, అది పెద్దమనిషి లక్షణం. ఆ తర్వాత వాయించింది హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వినుండ్రి, తబలా సితార్ ఒకదాని ఎంబడి ఒకటి ఉరికే కాడ నాకు ఒళ్ళు జలదరించింది.

ఆట తెల్సినోళ్ళకు ఇంకోటి యాదికొస్తది. ఆ గార్డెన్‌లనే 1970 మే 8న ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ ఏడో మ్యాచ్, నిక్స్‌కు లేకర్స్ టీమ్ తోటి. నిక్స్ ఆటగాడు విల్లిస్ రీడ్ తొడ కండరం చినిగి కుంటుకుంట కోర్టులకొచ్చిండు, మొదటి రెండు షాట్లు ఏసిండు, మ్యాచ్ మొత్తం మీద ఆయన పాయింట్లు నాలుగే, కానీ నిక్స్ 113-99 గెలిచింది. అట్లనే ఈ కాన్సర్ట్‌ల టికెట్ల మీద వచ్చింది కూడ తక్కువే, 2,43,418 డాలర్లు, కోటి మందికి అదెంత చెప్పుండ్రి? కానీ అమెరికాల చానమంది చెవుల బంగ్లాదేశ్ అన్న పేరు పడింది ఆ రోజే.

ఇగ కడుపు మండే సంగతి. టికెట్ల పైసలు యునిసెఫ్‌కు పోయినయి, కానీ ఆల్బమ్ పైసలు అమెరికా ట్యాక్సోళ్ళ దగ్గర ఏండ్లకేండ్లు ఇరుక్కున్నయి, ముందుగాల్నే ట్యాక్స్ మినహాయింపు కాయితాలు సరిగ చేసుకోకపోవుడు వల్ల. ఆకలైనోడికి అన్నం పదేండ్లకు పోతే ఏం లాభం అన్నా?

నేను ఇంత గట్టిగ ఎందుకు మాట్లాడుతున్న అంటే, 2009 అక్టోబర్‌ల తుంగభద్ర పొంగి మన రాజోలి ఊరు మునిగినప్పుడు నేను పదో తరగతి. మా బాస్కెట్‌బాల్ కోర్టులనే పాత బట్టలు జమ చేసినం, సెంటర్ సర్కిల్ నిండ కుప్ప, చీరెలు ఒక దిక్కు ప్యాంట్లు ఒక దిక్కు, ఒక పోరడు పాటలు పాడుతుంటే మేం మూటలు కట్టినం. డీసీఎం వ్యాన్‌ల ఏసుకొని రాజోలికి పోయినం. అక్కడ ఇండ్లల్ల మగ్గం గుంటల నిండ బురద, నేసేటోళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట అది, అందులకెల్లి ఒక పెద్దాయన చేట తోటి బురద ఎత్తిపోస్తుండె. మా మూట చూసి, కోపం లేకుండనే అన్నడు, "బట్టలు నేసేటోళ్ళం బిడ్డా, నూలు దొరికితే సూడుండ్రి" అని. వాళ్ళకు ఏం కావాల్నో మేం ఎవరం ముందు అడగలే. మూటలు అరుగు మీద పెట్టి సాయంత్రం దాక ఆయనతోటే బురద తీసినం.

అందుకే ఈ సినిమా మీద నాకు ప్రేమ ఉంది, బాధ కూడ ఉంది. ఐదుకు నాలుగున్నర ఇస్తున్న. ఆదివారం పొద్దుగూకినంక మా టీమ్ పోరగాళ్ళందరికి కోర్టు గోడ మీద ప్రొజెక్టర్ పెట్టి చూపిస్తున్న, పాలమూరుల ఉన్నోళ్ళు రాండ్రి, చాపలు మీరే తెచ్చుకోండ్రి.