రెండో రౌండులో చేతులు ఎందుకు దిగిపోతాయి?

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పిల్లలు పొద్దున అలిపిరి మెట్లెక్కి నేరుగా ఇక్కడికే వచ్చారట. కాళ్ళు పీకుతుంటే చాపుకొని కూర్చోండి నాయనా, నేనేమీ అనుకోను.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో, అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన మన ఆటలో, రౌండు 5 నిమిషాలు, మధ్యలో 1 నిమిషం విరామం. మామూలు ప్రొఫెషనల్ పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి అయిదు. మన పిల్లలు మొదటి రౌండు పులుల్లా ఆడతారు. ఆ తర్వాత ఏమవుతుందో దగ్గరగా చూడండి. నోరు తెరుచుకుంటుంది. భుజాలు చెవుల దాకా లేస్తాయి. చెంప దగ్గర ఉండాల్సిన పిడికిలి ముందు గడ్డం దగ్గరికి, తర్వాత ఛాతీ దగ్గరికి జారుతుంది. దెబ్బ అప్పుడే తగులుతుంది. ఇంట్లోవాళ్ళు "బలం చాల్లేదు, ఇంకో రెండు గుడ్లు పెట్టాల్సింది" అంటారు. బలం ఉంది. చాలనిది ఊపిరి.

ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు కండరంలో అప్పటికే ఉన్న ఇంధనం పది సెకన్లలో దాదాపు అయిపోతుంది. దాన్ని మళ్ళీ నింపేది ఆక్సిజనే. అందుకే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత త్వరగా తేరుకుంటామన్నది గుండె, ఊపిరితిత్తుల మీద ఆధారపడుతుంది. 2024 జూన్‌లో పూజా తోమర్ ఈ ఆటలో పెద్ద పోటీలు నడిపే అమెరికా సంస్థ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. నాకౌట్‌తో కాదు, పదిహేను నిమిషాలూ పోరాడి జడ్జీల స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురిలో ఇద్దరు ఆమె వైపు తీర్పు ఇవ్వడంతో. ఆ పదిహేను నిమిషాల కోసమే మన సాధనంతా.

ఊపిరి మెల్లగా పెరుగుతుంది. వారంలో మూడు రోజులు నలభై నిమిషాలు తేలిగ్గా పరిగెత్తండి. తేలిగ్గా అంటే ఎంత? "గోవిందా గోవిందా" అని తడబడకుండా అనగలిగేంత. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రోజూ వాంతి వచ్చేదాకా చేస్తేనే ట్రైనింగ్ అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఒక పిల్లాడి చేత మూడు వారాలు రోజూ అలిపిరి మెట్లు ఎక్కించి, దించాను. 3,550 మెట్లు. ఎక్కడం వాడికి ఏమీ చేయలేదు, దిగడమే దెబ్బతీసింది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకు వేయాలి, ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు వాచి నాలుగు నెలలు మంచానికీ కుర్చీకీ అతుక్కుపోయాడు. ఆ తప్పు నాది. అందుకే చెబుతున్నాను, వారానికి ఒక్కసారి ఎక్కండి, దిగేటప్పుడు ఆర్టీసీ బస్సెక్కి రండి. ఇంకో మాట, అది స్వామి దారి. భక్తుల్ని తోసుకుంటూ పరిగెత్తకండి.

బలం కోసం పెద్ద జిమ్ము అక్కర్లేదు. మన తాతలు తీసిన దండీలు, బస్కీలు ఇప్పటికీ పనికొస్తాయి. ఇసుక మూటను గుండెకు హత్తుకుని నడవండి. అవతలివాడిని ఎత్తి పడేసేటప్పుడు పట్టు అలాగే ఉంటుంది. మెడకు కూడా కసరత్తు చేయించడం మాత్రం మరిచిపోవద్దు.

ఇక్కడున్న అమ్మానాన్నలకు ఒక విన్నపం. పోటీకి ముందు బరువు తగ్గాలని పిల్లలు నీళ్ళు మానేసి, ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని మిట్టమధ్యాహ్నం పరిగెడితే ఆపండి, తిట్టయినా సరే ఆపండి. 2015 డిసెంబరులో యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా ఫైటర్ బరువు తగ్గించుకునే క్రమంలోనే చనిపోయాడు. ఇరవయ్యొక్క ఏళ్ళు. ఆ తర్వాతే, అతను ఆడాల్సిన పోటీలు నడిపే వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ ఒంట్లో నీరు తగ్గించి తూకానికి రావడాన్ని నిషేధించి, మూత్ర పరీక్షలు పెట్టింది. మే నెల తిరుపతి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? రాగి సంగటి, వేరుశెనగ చట్నీ, పప్పు, గుడ్డు తింటూ నెలల ముందే తగ్గనివ్వండి. అప్పటికీ తగ్గకపోతే పై బరువు కేటగిరీలో ఆడనివ్వండి.

ఇప్పుడు ఇద్దరు ముందుకు రండి. చెప్పులు అక్కడే వదలండి. మూడు నిమిషాలు ఆగకుండా ప్యాడ్స్ కొట్టాలి. అవగానే మెడ మీద వేలు పెట్టి పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఒక నిమిషం ముక్కుతో పీల్చి, నోటితో నిదానంగా వదిలి, మళ్ళీ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ నోటుబుక్కులో రాసుకోండి. నెల తర్వాత వాటి మధ్య తేడా పెరిగిందో లేదో చూద్దాం. వాచీ ఎవరి దగ్గరుంది?