ముందు ఫోన్ చేసిందెవరు?

టెక్సాస్‌లో ఒక అపార్ట్‌మెంట్, నలుగురు రూమ్మేట్లు అనుకుందాం. ఒకడు డ్రగ్స్ మోతాదు మించి నేల మీద పడి ఉన్నాడు. పెదాలు నీలంగా మారాయి, కనుపాపలు సూదిమొనంత అయ్యాయి, గొంతులో గరగర తప్ప పలుకు లేదు. మిగతా ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఎవరూ 911 నొక్కడం లేదు. పోలీసులొస్తే వీసా ఏమవుతుందోనని భయం. ఊపిరి ఆగాక దాదాపు నాలుగు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఇలాంటప్పుడు పోలీసుల భయం పోగొట్టడానికే, సాయం కోసం ఫోన్ చేసినవాణ్ని డ్రగ్ కేసు నుంచి కాపాడేలా 2007లో న్యూ మెక్సికో రాష్ట్రం మొట్టమొదటి చట్టం తెచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. పేరు ఒకటే, 'గుడ్ సమారిటన్', అంటే ఆపదలో ఆదుకునేవాడు. లోపలి సరుకు మాత్రం రాష్ట్రానికో రకం.

టెక్సాస్ చట్టం 2021 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. చాలా పిసినారి చట్టం. ఆ గదిలో అది కాపాడేది ఇద్దర్నే: పడిపోయినవాణ్ని, మొదట ఫోన్ చేసినవాణ్ని. పక్కన నిలబడ్డ ఇద్దరికీ ఏమీ లేదు. ఫోన్ చేసినవాడు సాయం వచ్చేదాకా అక్కడే ఉండాలి, వైద్య సిబ్బందికీ పోలీసులకూ సహకరించాలి. గడిచిన 18 నెలల్లో ఇలాగే ఇంకోసారి ఫోన్ చేసి ఉన్నా, పాత డ్రగ్ కేసులో శిక్ష పడి ఉన్నా వర్తించదు. అదీ చిన్న మొత్తాలకే: కొకైన్, హెరాయిన్, ఫెంటనిల్ లాంటివైతే గ్రాములోపు, గంజాయైతే నాలుగు ఔన్సుల వరకు. అమ్మకం కేసుకు పనికిరాదు. పైగా ఇది అరెస్టును ఆపదు. కోర్టులో చెప్పుకునే డిఫెన్స్ మాత్రమే.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఇంకో మెలిక గుర్తుంచుకోవాలి. ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ (కేంద్ర) చట్టం చేతిలో ఉంది, రాష్ట్ర చట్టానికి అది కట్టుబడదు. కేసు నమోదైతే ప్రాసిక్యూటర్ 'డిఫర్డ్ అడ్జుడికేషన్' ఇస్తామనవచ్చు, అంటే నేరం ఒప్పుకున్నా తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు కొట్టేయడం. టెక్సాస్ లెక్కలో అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ లెక్కలో మాత్రం నేరం ఒప్పుకుని ప్రొబేషన్ లాంటి షరతు మోస్తే శిక్ష పడినట్టే. అందుకే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా దేనికీ ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదముంటే ఆ సంగతి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

మన దేశంలో ఈపాటి కూడా లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాదంలో ఆదుకున్నవాడికే. ఎన్డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోని 64ఏ సెక్షన్, చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చిన వ్యసనపరుడికి. 108కి ఫోన్ చేసిన స్నేహితుడి ఊసు రెండింటిలోనూ లేదు.

మళ్లీ ఆ గదికి వద్దాం. ఫోన్లో ముందు అడ్రసు, తర్వాత "లేపితే లేవడం లేదు, ఊపిరి సరిగా ఆడటం లేదు" అని చెప్పాలి. ఓపియాయిడ్ల (హెరాయిన్, ఫెంటనిల్ లాంటివి) ప్రభావాన్ని తిప్పికొట్టే ముక్కు స్ప్రే నార్కాన్ 2023 నుంచి అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతోంది. పెట్టెలో 4 మిల్లీగ్రాముల స్ప్రేలు రెండుంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి ఒక ముక్కులో కొట్టాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది రెండో ముక్కులో. ఏం మింగాడో తెలియకపోయినా కొట్టవచ్చు. ఓపియాయిడ్ కాకపోతే పని చేయదు, అంతే. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

వాడు లేచి కూర్చుని "నాకేం కాలేదు, అంబులెన్సు వద్దని చెప్పండిరా" అంటాడు. వినొద్దు. స్ప్రే ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే; ఒంట్లోని డ్రగ్ అంతకన్నా ఎక్కువసేపు ఉండి మళ్లీ ఊపిరి ఆపగలదు. ఫోన్ చేసినవాడు ఇల్లు వదలకపోవడానికి చట్టం ఒక కారణమైతే, ఇది రెండోది.