ఖాళీ వెంబ్లీలో ఇరుగుపొరుగు ఊళ్ల ఫైనల్

శ్రోతలకు నమస్కారం.

2021 మే 3, సోమవారం. ఆ రోజు మనలో ఎవరికీ ఫుట్‌బాల్ ధ్యాస ఉండి ఉండదు. ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుంది, ఏ ఆసుపత్రిలో బెడ్ ఖాళీగా ఉంది అని అర్ధరాత్రిళ్లు ఫోన్లు చేసుకుంటున్న రోజులవి. మర్నాడే ఐపీఎల్‌ని కూడా మధ్యలో ఆపేశారు. సరిగ్గా ఆ సోమవారమే లండన్‌లో, తొంభై వేల మంది పట్టే వెంబ్లీ స్టేడియంలో ఒక ఫైనల్ జరిగింది. అన్ని వేల కుర్చీల్లో ఒక్క అభిమానీ లేడు. ఆడిన జట్లు హెబ్బర్న్ టౌన్, కాన్సెట్. ఈ పేర్లు మీరెప్పుడూ వినకపోతే చిన్నబోకండి, ఇంగ్లండ్‌లోనే చాలామంది విని ఉండరు.

ఆ పోటీ పేరు ఎఫ్‌ఏ వాజ్. ఎఫ్‌ఏ అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం. వాజ్ అంటే పూలు పెట్టుకునే కూజా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ని ఒక నిచ్చెన అనుకుంటే, పై మెట్టు మీద ప్రీమియర్ లీగ్ ఉంటుంది. మాంచెస్టర్, లివర్‌పూల్, మనవాళ్లు రాత్రి మేలుకుని చూసే జట్లన్నీ అక్కడే. అక్కణ్నుంచి దిగుతూ దిగుతూ తొమ్మిదో మెట్టు, పదో మెట్టు దగ్గరికొస్తే ఈ కూజా కోసం ఆడేవాళ్లు కనిపిస్తారు. ఆరువందల పైచిలుకు క్లబ్బులు. ఓడితే ఇంటికే. ఆటగాళ్లకి పగలు వేరే ఉద్యోగాలుంటాయి. వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం మ్యాచ్.

ఇలాంటి క్లబ్బు మైదానం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. గ్యాలరీ అంటే ఒక వైపు చిన్న రేకుల షెడ్డు. మిగతా మూడు వైపులా నడుమెత్తు ఇనుప కమ్మీ, దానిమీద మోచేతులు ఆనించి నిలబడే జనం. రెండొందల మంది వస్తే మంచి రోజు కిందే లెక్క. ఆటగాడు పరిగెత్తుతూ పక్కనుంచి వెళ్తే రొప్పు వినబడుతుంది. మూలన టీ దుకాణం. మధ్య విరామంలో ఒకాయన చేతిలో టికెట్ల కట్టతో లాటరీ అమ్ముకుంటూ తిరుగుతాడు. పొద్దున మైదానంలో సున్నం గీతలు గీసిందీ, మ్యాచ్ అయ్యాక జెర్సీలు ఉతికేదీ కూడా ఆయనే కావచ్చు. జీతం ఉండదు. ఇది మా ఊరి క్లబ్బు, అంతే.

ఈ కప్పు 1974లో పుట్టిన తీరు వింటే నవ్వొస్తుంది. అంతకు ముందు అక్కడ ఆటగాళ్లు రెండు జాతులు. డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్, తీసుకోకుండా ఆడే అమెచ్యూర్. డబ్బు తీసుకోనివాళ్ల కోసం 1893 నుంచి అమెచ్యూర్ కప్ అని ఒకటి ఉండేది. చిన్నా చితకా పోటీ అనుకోకండి, 1951 ఫైనల్‌కి లక్షమంది వచ్చారు. అయితే తీసుకోనివాళ్లు నిజంగా తీసుకోలేదా అంటే, మ్యాచ్ అయ్యాక షూలో చెయ్యి పెడితే నోట్లు తగిలేవని అందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఎనభై ఏళ్లు నడిపించారు. చివరికి 1974లో ఆ తేడానే ఎత్తేసి, అమెచ్యూర్ కప్పుని మూసేసి, చిన్న క్లబ్బుల కోసం ఈ వాజ్ మొదలుపెట్టారు. నన్నడిగితే ఆలస్యమైనా మంచిపనే చేశారు.

మనకి కూడా ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే ఉద్యోగస్థుల జట్లే కదా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. ఆడిందంతా పోలీసులే. హెబ్బర్న్ క్లబ్బు కూడా అలా పుట్టిందే. 1912లో రేరోల్ అనే విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీ పనివాళ్లు పెట్టుకున్నారు.

ఈ రెండు ఊళ్లూ ఇంగ్లండ్ ఈశాన్య మూలలో ఉంటాయి. హెబ్బర్న్ టైన్ నది ఒడ్డున ఉంది. ఓడలు కట్టిన ఊరు. తర్వాత మనకి చివరి వైస్రాయిగా వచ్చిన మౌంట్‌బాటెన్, యుద్ధంలో నడిపిన కెల్లీ అనే యుద్ధనౌకని కట్టింది ఇక్కడే. 1940లో దానికి టార్పెడో తగిలితే లాక్కొచ్చి బాగుచేసిందీ ఇక్కడే. అందులో చనిపోయిన నావికుల సమాధులు ఆ ఊరి శ్మశానంలో ఉన్నాయి. కాన్సెట్ అక్కణ్నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు, కొండమీది ఊరు. అక్కడ ఉన్నది ఉక్కు ఫ్యాక్టరీ. ఊరి మీద ఎప్పుడూ ఎర్రటి ధూళి. విశాఖ పోర్టు పక్కన ఉండేవాళ్లకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడి మూడున్నర వేల మందికి పైగా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ధూళి పోయింది, పని కూడా పోయింది. క్లబ్బుకి మాత్రం స్టీల్‌మెన్ అనే ముద్దుపేరు అలాగే ఉండిపోయింది.

ఈ మూలకి వాజ్ అంటే సొంత సొత్తు లాంటిది. 2009 నుంచి 2017 దాకా తొమ్మిది ఫైనళ్లు జరిగితే, ఎనిమిది అక్కడి నార్తర్న్ లీగ్ క్లబ్బులే గెలిచాయి. విట్లీ బే అనే జట్టు వరసగా మూడేళ్లు గెలిచింది. 2010 ఫైనల్లో ఆ జట్టు ఆటగాడు పాల్ చౌ 21వ సెకనులోనే గోల్ కొట్టాడు. జనం కూర్చునే లోపే. ఎందుకు వీళ్లే గెలుస్తారంటే కారణం బస్సు చార్జీలే. పై మెట్టుకి వెళ్తే దూరం ఊళ్లకి ప్రయాణాలు, డీజిల్ ఖర్చు, ఉద్యోగానికి సెలవులు. దాంతో అర్హత ఉన్నా చాలా క్లబ్బులు పైకి వెళ్లకుండా కిందే ఉండిపోయేవి. పై తరగతి పిల్లలు కింది తరగతి పరీక్ష రాస్తే ఫస్టు ఎవరికొస్తుంది మరి!

ఇక ఆ సీజన్ సంగతి. 2019 ఆగస్టు ఆఖర్లో మొదలైంది. చలికాలమంతా బురదలో, వానలో, ఒక్కో రౌండు గడుస్తూ 2020 మార్చికి నాలుగు జట్లు మిగిలాయి. సెమీఫైనళ్లకి రోజులే ఉన్నాయి. అప్పుడు కరోనా వచ్చింది, ఆట ఆగింది.

ఆగడం ఒక ఎత్తు, ఆ తర్వాత జరిగింది ఇంకో ఎత్తు. మార్చి నెలాఖరులోనే, చిన్న మెట్ల లీగులన్నిటి ఫలితాలూ రద్దు అని ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది. వాయిదా కాదు, రద్దు. ఆడనట్టే లెక్క. జెర్సీ దీవిలో జెర్సీ బుల్స్ అని కొత్త క్లబ్బు ఆ ఏడాది తన లీగులో 27 మ్యాచ్‌లు ఆడి ఇరవై ఏడూ గెలిచింది. కాగితం మీద ఒక్కటీ మిగల్లేదు. 2017లో ఈ వాజ్ గెలిచిన సౌత్ షీల్డ్స్, పైకి ఎదిగి తన లీగులో 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అదీ గాలికి పోయింది. ప్రీమియర్ లీగ్ మాత్రం జూన్‌లో మళ్లీ మొదలై పూర్తయింది. అక్కడ టీవీ డబ్బుంది కదా.

ఇంత తుడిచేశాక కూడా వాజ్‌ని మాత్రం రద్దు చెయ్యలేదు. అంటే 2019-20లో ఆ మెట్టు క్లబ్బులకి మిగిలిన పెద్ద గుర్తు ఈ కప్పు. సెమీఫైనళ్లు సెప్టెంబర్‌లో ఆడించారు. ఫైనల్‌కి వచ్చింది మన ఇరుగుపొరుగు హెబ్బర్న్, కాన్సెట్‌లే. మళ్లీ కేసులు పెరిగాయి, ఫైనల్ వాయిదా మీద వాయిదా పడింది. ఈలోగా తర్వాతి సీజన్ మొదలై, లీగులు మళ్లీ మధ్యలోనే ఆగిపోయాయి కూడా.

చివరికి మే 3 అన్నారు. జనం లేకుండా అన్నారు. నాకు ఇక్కడే మింగుడుపడదు. అదే వెంబ్లీలో ఏప్రిల్ 25న మాంచెస్టర్ సిటీ, టాటెన్‌హామ్ లీగ్ కప్ ఫైనల్‌కి ప్రయోగాత్మకంగా అంటూ ఎనిమిది వేల మందికి చోటిచ్చారు. మే 15న లీస్టర్, చెల్సీ ఆడిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కి దాదాపు ఇరవై వేలు. ఆ రెండింటి నడుమ చిన్నవాళ్ల ఫైనల్ వచ్చేసరికి సున్నా. మే 17 నుంచి దేశమంతా మైదానాల్లోకి పరిమితంగా జనాన్ని అనుమతించారు. రెండు వారాలు ఆగి ఉంటే! పెద్ద క్లబ్బు అభిమానికి వెంబ్లీ ఏటా కాకపోతే మరో ఏడాది వస్తుంది. హెబ్బర్న్‌లో లాటరీ టికెట్లు అమ్మే పెద్దాయనకి అది జన్మకోసారి వచ్చే ప్రయాణం. ఊరంతా బస్సులు కట్టుకుని, నాలుగున్నర వందల కిలోమీటర్లు పాటలు పాడుకుంటూ వెళ్లాల్సిన రోజు. ఆయన ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీలో చూశాడు.

ఖాళీ స్టేడియంలో ఆట ఎలా ఉంటుందో ఆ ఏడాది ఐపీఎల్ చూసినవాళ్లకి తెలుసు. బంతిని తన్నిన చప్పుడు అటు గోడకి తగిలి ఇటు వినిపిస్తుంది. గోల్‌కీపర్ అరుపులు, డగౌట్‌లోంచి తిట్లు, అన్నీ స్పష్టంగా. ఒక రకంగా ఊరి మైదానం లాగే. కాకపోతే చుట్టూ కమ్మీకి బదులు తొంభై వేల ఎర్ర కుర్చీలు.

ఇందులో మనవాళ్ల సంగతొకటుంది. అమర్ పురేవాల్, అర్జున్ పురేవాల్ అని ఇద్దరు అన్నదమ్ములు, కవలలు. పంజాబీ కుటుంబం పిల్లలు, పెరిగిందంతా అక్కడే. అమర్ హెబ్బర్న్ ఫార్వర్డ్, అర్జున్ కాన్సెట్ డిఫెండర్. ఒకడు గోల్ కొట్టాలి, రెండోవాడు ఆపాలి. చిన్నప్పుడు ఇంటి వెనకాల ఆడుకున్న ఆటే వెంబ్లీ దాకా వచ్చినట్టయింది. ఆ ఇంట్లో ఆ రోజు టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో! ఎవరు గెలిచినా ఒక కొడుకు ఏడుపు మొహంతో వస్తాడు.

ముందు కాన్సెట్ గోల్ కొట్టింది. హెబ్బర్న్‌కి స్కోరు సమం చేసింది అమరే. ఆ గోల్‌కి వెంబ్లీలో చప్పట్లు కొట్టింది అతని జట్టువాళ్లే. తర్వాత ఇటూ అటూ ఊగి చివరికి హెబ్బర్న్ 3-2తో గెలిచింది. మొదటి రౌండు బంతి కదిలిన ఇరవై నెలల తర్వాత సీజన్ ముగిసింది.

మామూలుగా ఈ కప్పు గెలిచిన ఊరు ఏడాదిపాటు చాంపియన్ అనిపించుకుంటుంది. హెబ్బర్న్‌కి ఆ వైభోగం 19 రోజులే. వెనక నుంచి తోసుకొచ్చిన తర్వాతి సీజన్ ఫైనల్ అదే వెంబ్లీలో మే 22న జరిగింది. వారింగ్టన్ రైలాండ్స్, బిన్‌ఫీల్డ్ మీద గెలిచింది. స్కోరు మళ్లీ 3-2.

సెలవు. నమస్కారం.