పడవా లేదు, వలా లేదు

వేదిక మీది పెద్దలకు, మత్స్యకార గ్రామాల దురాయి పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. పదిహేను నిమిషాలే ఇచ్చారు. పేర్లు చదవడం లేదు, మన్నించండి.

చమురు ఒలికాక తీరం కోలుకోవడానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలన్నది నాకిచ్చిన అంశం. చట్టాలతో మొదలుపెడదామని రాసుకొచ్చాను. పొద్దున పులికాట్ సరస్సు నీళ్లు చూశాక మాత్రం చెన్నై పక్కనున్న ఎన్నూరే కళ్లలో తిరుగుతోంది.

2023 డిసెంబరు, మిచాంగ్ తుపాను. అది తీరం దాటింది మన బాపట్ల దగ్గరే. దానికి ముందు చెన్నైని ముంచిన వరదతో పాటు మణలి పారిశ్రామికవాడ నుంచి నూనె బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి ఎన్నూరు పాయలోకి వచ్చింది. అదే కాలువ ఉత్తరానికి వస్తే మన పులికాట్.

నేను వెళ్లేసరికి మడచెట్ల మొదళ్లు నల్లగా ఉన్నాయి. ఒడ్డున ఇరుళ తెగ ముసలమ్మ ఒకామె కూర్చుని ఉంది. మన యానాదుల్లాగే వాళ్లు నడుంలోతు నీళ్లలో దిగి, బుట్ట పళ్లతో పట్టుకుని, చేతులతో బురద తడిమి రొయ్యలు పడతారు. అరచేతులు చూపించింది. కిరసనాయిలుతో కడిగిందట, తొక్క ఊడి మంటపుడుతోంది. లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చి పడవ ఉందా, వల ఉందా అని అడిగారట. రెండూ లేవంది. పక్కింటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం కుటుంబానికి 12,500, పడవకి 10,000 అని ప్రకటించింది. ఆ రోజు నాకు పేపర్లో మొదట కనిపించింది పడవ అన్న మాటే. ఆమె చేతులకి రేటెంత? ఎవరైనా చెప్పండి!

అమెరికా సంగతి కూడా చెప్పాలి. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలో చమురు తవ్వే రిగ్గు పేలి 11 మంది పోయారు, 87 రోజులు నూనె కారింది. 2012లో అక్కడ చట్టం చేశారు: ఆ ప్రమాదంలో నీటి కాలుష్యానికి వేసే జరిమానాలో 80 శాతం గల్ఫ్ ఒడ్డునున్న అయిదు రాష్ట్రాల తీరానికే వెళ్లాలి. 2016లో కోర్టు ఆమోదించిన ఒప్పందం 2,080 కోట్ల డాలర్లు. అందులో ఆ జరిమానా 550 కోట్లు. అక్కడ కూడా చేతిలో నగదు తీసుకునే వియత్నామీ జాలర్లు రసీదులు లేక ఏడ్చారు. మనకైతే చమురు జరిమానాలో ఇంత భాగం మునిగిన తీరానికే అని రాసిన చట్టమే లేదు. అది కావాలి. అడుగుదాం.

కానీ ముందు ఒక పని. బోటు రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నవాళ్లు చేతులెత్తండి... సరే. ఇప్పుడు చేపలమ్మే ఆడవాళ్లు, చేత్తో పీతలు, రొయ్యలు పట్టేవాళ్లు. నిన్న ఎంత దొరికింది, ఎంతకి అమ్మారు, రాసిపెట్టినవాళ్లు ఎత్తండి.

ఒక్క చెయ్యీ లేవలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా, మిమ్మల్ని ఎవరూ అడగలేదు. కానీ మునుపు ఎంత ఉండేదో చూపిస్తేనే ఎంత పోయిందో తేలుతుంది. ఎక్కడైనా నష్టపరిహారం లెక్క మొదలయ్యేది అక్కడే. కృష్ణపట్నం ఓడలు రోజూ మీ ఎదుటి సముద్రంలోనే తిరుగుతున్నాయి.

వెనక బల్ల మీద నోటుపుస్తకాలు పెట్టాం. రాయడం రానివాళ్లకి కాలేజీ పిల్లలు రాసిపెడతారు. నిన్నటి వేటతో మొదలుపెట్టండి. ముందు యానాది అక్కలు రండి.