పాము నూనె నుంచి మోకాళ్ల పొడి దాకా

అందరికీ నమస్కారం.

దొంగ వైద్యుణ్ని ఇంగ్లీషులో ‘క్వాక్’ అంటారు. డచ్చి ‘క్వాక్‌సాల్వర్’కి అది తోక తెగిన రూపం. ‘సాల్వర్’ అంటే లేపనాలు పూసేవాడు. ముందున్న ‘క్వాక్’కి వాగుడని అర్థం చెబుతారు. ఇటలీ వాళ్ల ‘చార్లతానో’లోనూ వదరడమే వినిపిస్తుంది. ‘మౌంటెబ్యాంక్’ అంటే బల్లెక్కి అమ్మేవాడు. మూడింట్లోనూ నోరుంది, అంగడుంది, రోగి మాత్రం లేడు.

చరక సంహిత సూత్రస్థానం ఇంకా నిక్కచ్చి. రోగాన్ని చంపి ప్రాణాన్ని కాచేవాడు ప్రాణాభిసరుడు, ప్రాణం తీసి రోగాన్ని కాచేవాడు రోగాభిసరుడు అంటుంది. ఈ రెండోవాడు వీధులు తిరుగుతూ, ఫలానా ఇంట్లో జబ్బని వినగానే వాలిపోయి, వాళ్ల చెవిన పడేలా తన గొప్పలు చెప్పుకుంటాడట. మన ‘మందు’ తుపాకిలోకి, పొలంలోకి, గ్లాసులోకి అన్నిటికీ ఒకటే మాట. అమ్మేవాడికి ఇంకేం కావాలి!

అమెరికాలో క్లార్క్ స్టాన్లీ అనే ఆయన నొప్పులకని పాము నూనె అమ్మాడు. 1906లో ఆహార, ఔషధాల చట్టం వచ్చాక సర్కారు దాన్ని పరీక్షిస్తే తేలింది మినరల్ ఆయిల్, నూటికి ఒక పాలు కొవ్వు నూనె, మిరప సారం. పాము జాడే లేదు. మిరప ఘాటు చర్మంలో వేడిని పసిగట్టే నరాలను రేపుతుంది, ఆ మంటలో నొప్పి కాసేపు మరుగున పడుతుంది. జరిమానా 20 డాలర్లు. పట్టిచ్చింది సీసా మీది చీటీయే: అందులో రాసిందొకటి, లోపలున్నదొకటి.

మన దగ్గర మోకాళ్ల నొప్పులకని అమ్మే పొడి పొట్లానికి ఆ చీటీ కూడా ఉండదు. మన పొదిలి, దర్శి, కనిగిరి 1937 నాటికి నెల్లూరు జిల్లావే. నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలను పట్టేస్తోందని ఆ జిల్లా నుంచి ఆ ఏడాదే శాస్త్రపత్రం వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కీళ్లు బిగుసుకుపోయిన చోట మోకాళ్ల పొడికి గిరాకీ ఉండదా? అలాంటి పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ బిళ్లలు నూరి కలుపుతుంటారు. ఒకటి రెండు రోజుల్లో వాపు తీస్తుంది, ఆకలి పుడుతుంది. ‘చెయ్యి మంచిది’ అనిపించుకునేది ఇక్కడే. నెలలు వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు ఎక్కుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఫ్లోరైడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

పొడిలో స్టెరాయిడ్ ఉందని తెలిసి, భయపడి ఒక్కసారిగా మానేయకండి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను తయారుచేసే మూత్రపిండాల మీది గ్రంథులు అప్పటికే పని మానేసి ఉండొచ్చు. బీపీ పడిపోయి మనిషి కూలిపోవచ్చు. మోతాదు మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చేతుల మీదుగా. వెళ్లేటప్పుడు మిగిలిన పొట్లం వెంట తీసుకెళ్లండి.