ఎర్ర దారం పట్టుకుని

శ్రోతలకు నమస్కారం. నేను వరంగల్ కొత్తవాడలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ని. మా జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక జనవరిలో వాటి నమూనాలు మూటగట్టుకుని జర్మనీలోని హనోవర్‌లో జరిగే తివాచీల ప్రదర్శనకు వెళ్లాను. మూడు రోజులు ధరలు చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆ సంగతి వదిలేద్దాం. నాలుగో రోజు మధ్యాహ్నం ఖాళీ దొరికింది.

రైల్వే స్టేషన్ ఎదుట నేలమీద ఒక ఎర్ర గీత కనిపించింది. రంగుతో గీసిందే. అక్కడివాళ్లు దాన్ని 'రోటర్ ఫాడెన్' అంటారు, అంటే ఎర్ర దారం. 4.2 కిలోమీటర్లు సాగి, 36 చోట్లను కలుపుతుంది. నేతపని ఇంట్లో పుట్టినవాడికి దారం చూపించి రమ్మంటే వెళ్లకుండా ఉంటాడా?

ఆ దారం నన్ను ఏగీడియన్ చర్చికి తీసుకెళ్లింది. 1943 బాంబుదాడిలో దాని కప్పు పోయింది. మళ్లీ వేయకుండా, యుద్ధ మృతుల స్మారకంగా అలాగే ఉంచారు. లోపల నిలబడితే తలమీద ఆకాశమే. మన ఓరుగల్లు కోటలోనూ అంతే కదా: నాలుగు దిక్కులా తోరణాలు, నడుమ గుడి లేదు.

తర్వాత కొత్త టౌన్‌హాలు. నేల చిత్తడి కావడంతో 6,026 బీచ్ దుంగలు దిగగొట్టి వాటిమీద కట్టి, 1913లో ప్రారంభించారు. ఇసుక నింపిన పునాదిమీద మన రామప్ప గుడి నిలిచింది 1213లో. సరిగ్గా ఏడు వందల ఏళ్ల తేడా! ఎవరితోనైనా చెబుదామంటే పక్కన తెలుగు మనిషి లేడు.

ఆ హాలులో నాలుగు కాలాల్లో ఊరు ఎలా ఉండేదో చూపే నమూనాలున్నాయి. 1939 నాటి బొమ్మలో కిక్కిరిసిన పెంకుటిళ్లు. 1945 నాటి బొమ్మలో మొండిగోడలు. అక్కడినుంచి కాళ్లు కదల్లేదు.

బయటికి వచ్చేసరికి చీకటి, మంచు. దారం కనబడలేదు. మగ్గంమీద తెగిన పోగును వేళ్లతో వెతికినట్టు, బూటుతో మంచు పక్కకు తోస్తూ వెతికాను. అటుగా వెళుతున్న ఒక పెద్దావిడ నవ్వి, తన చేతికర్రతో నాలుగు అడుగుల అవతల గీకింది. ఎర్రగా బయటపడింది.

దారం స్టేషన్ ముందున్న రాజుగారి గుర్రపు విగ్రహం దగ్గర ముగుస్తుంది. ఆ ఊళ్లో ఎవరిని ఎక్కడ కలవాలన్నా "తోక కింద కలుద్దాం" అనుకుంటారట. మా స్టాల్ కుర్రవాడు ఆ తోక కిందే వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"ఎంతదూరం పోయావన్నా?"

"దారం అయిపోయేదాకా, తమ్ముడూ."