వైబ్రేటర్‌ను హిస్టీరియా కోసం డాక్టర్లు కనిపెట్టారా? అసలు కథ ఇదీ

సిరొంచలోనో అంకీసలోనో ఇంటికి స్లాబ్ పోసే రోజు చూడండి. "ఆ మూలకు వైబ్రేటర్ పెట్టు!" అని మేస్త్రీ వాడంతా వినపడేలా అరుస్తాడు. గమేళాలు అందించే అక్కలు, వదినలు అక్కడే ఉంటారు. ఎవరూ తల దించుకోరు. అదే మాట ఆడవాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు, లైంగిక సుఖం కోసం ఒంటికి వాడే పరికరం అనే అర్థంలో వచ్చిందా, అందరూ గప్‌చుప్.

నోరు విప్పని చోట కట్టుకథలు పెరుగుతాయి. అన్నిటికన్నా ఎక్కువ తిరిగేది ఇది: వెనకట ఇంగ్లండు డాక్టర్లు హిస్టీరియా (ఆడవాళ్ల రకరకాల ఇబ్బందులకు అప్పట్లో పెట్టిన రోగం పేరు) ఉన్న ఆడవాళ్లకు జననాంగాల దగ్గర చేత్తో మర్దన చేసి చేసి, చేతులు నొప్పి పుట్టి వైబ్రేటర్ కనిపెట్టారట. దీన్ని 1999లో రేచల్ మెయిన్స్ అనే అమెరికా చరిత్రకారిణి ప్రతిపాదించారు. 2018లో హాలీ లీబర్‌మన్, ఎరిక్ షాట్జ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆమె చూపిన ఆధారాలను ఒక్కొక్కటీ తిరగేశారు. డాక్టర్లు వైబ్రేటర్‌తో అలా వైద్యం చేశారనడానికి ఒక్క రుజువూ దొరకలేదు.

మరి జరిగిందేమిటి? 1880ల మొదట్లో లండన్ డాక్టర్ జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ బ్యాటరీతో టకటకా కొట్టుకునే పరికరం చేయించాడు. నరాల నొప్పులకు, అదీ ఎక్కువగా మగవాళ్ల కోసం. ఆడవాళ్ల మీద వాడకుండా జాగ్రత్తపడ్డానని, ఇక ముందూ వాడనని 1883 నాటి తన పుస్తకంలో తానే రాశాడు! ఆ కట్టుకథ వింటే నాకు కోపం వచ్చేది ఇందుకే. ఇందులో ఆడది ఎప్పుడూ రోగి, కనిపెట్టేవాడు ఎప్పుడూ డాక్టరు. ఈ వస్తువును తమ కోసం ఎంచుకున్నది ఆడవాళ్లే.

1900 తర్వాత అమెరికా పత్రికల్లో తలనొప్పికి, కీళ్లనొప్పులకు, మొహం మీద ముడతలకు అంటూ ఇంటి వైబ్రేటర్ల ప్రకటనలు వచ్చేవి. 1968లో హిటాచీ 'మ్యాజిక్ వాండ్' అమెరికాలో అమ్మకానికొచ్చింది, ఒళ్లునొప్పుల మసాజర్ పేరుతోనే. 1970లలో బెటీ డాడ్సన్ అనే అమెరికా లైంగిక విద్యావేత్త దాన్నే పెట్టుకుని ఆడవాళ్లకు తమ శరీరం గురించి పాఠాలు చెప్పారు. డెల్ విలియమ్స్ అనే అమెరికా ఆవిడ ఒక పెద్ద దుకాణంలో దాన్ని కొనబోతే, "ఎందుకు నీకిది?" అని అక్కడి కుర్రాడు అందరి ముందూ గట్టిగా అడిగాడు. ఆ అవమానం మనసులో పెట్టుకుని 1974లో న్యూయార్క్‌లో ఇలాంటి వస్తువులు అమ్మే దుకాణాన్ని ఆడవాళ్ల కోసమే ఆమె తెరిచారు.

(తెర మీద: స్లాబ్ వైబ్రేటర్ గొట్టం, లోపలి భాగం)

ఇప్పుడు మళ్లీ స్లాబ్ దగ్గరికి రండి. ఈ గొట్టంలో ఒక పక్కకే బరువున్న కడ్డీ గిర్రున తిరుగుతుంది. బరువు ఒక పక్కకే లాగడంతో గొట్టమంతా వణుకుతుంది. చాలా ఫోన్లు వణికేదీ ఇలాగే, ఒంటికి వాడే వైబ్రేటర్లు ఎక్కువగా వణికేదీ ఇలాగే. మ్యాజిక్ వాండ్‌కు రెండు వేగాలు: నిమిషానికి 5000, 6000. అంటే సెకనుకు 83 సార్లు, 100 సార్లు. మన చర్మం కింద ఇలాంటి వణుకునే పసిగట్టే నరాల కొసలున్నాయి.

మంచి మేస్త్రీ గొట్టాన్ని ఇనుప చువ్వలకు ఆనించడు. పక్కన దించుతాడు, అదురు దానంతటదే చుట్టూ పాకుతుంది. యోనిశీర్షం (క్లిటోరిస్) దగ్గరా ఇదే పద్ధతి. పైకి కనిపించేది చిన్న మొన మాత్రమే, ఎక్కువ భాగం లోపలే ఉంటుందని ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో చూపించారు. అందుకని నేరుగా మొన మీద పెట్టకుండా, పక్కన, పల్చటి గుడ్డ మీదుగా, తక్కువ వేగంతో మొదలుపెట్టండి.

మేస్త్రీ ఒకేచోట ఎక్కువసేపు ఉంచడు కూడా. ఉంచితే కంకర కిందికి దిగి, పైన నీళ్లే తేలతాయి. ఒంటి మీదా అంతే, పూర్తి వేగంతో ఒకేచోట నొక్కిపట్టుకుంటే తిమ్మిరెక్కుతుంది. భయపడొద్దు, తీసేసి కాసేపు ఆగితే తగ్గుతుంది. అమెరికాలో 2009లో అచ్చయిన సర్వేలో వాడినవాళ్లలో 70 శాతం పైగా తమకు ఏ ఇబ్బందీ రాలేదన్నారు.

ఉపయోగం ఏమిటంటారా? చాలామందికి కలయికతో మాత్రమే భావప్రాప్తి కలగదు. అది లోపం కాదు, శరీర నిర్మాణం. డిప్రెషన్ మందులు వాడేవాళ్లకు, ముట్లుడిగాక స్పర్శ మందగించినవాళ్లకు వైబ్రేటర్ పనికొస్తుంది, అక్కడ రక్తప్రసారం పెరుగుతుంది. కటి కండరాలు బిగుసుకుపోయి నొప్పి పడేవాళ్లకు కొందరు డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు దీన్ని సూచిస్తారు. పొడిబారి మంట పుడుతుంటే మాత్రం ముందు మంచిర్యాలకో గడ్చిరోలికో వెళ్లి లేడీ డాక్టరుకు చూపించుకోండి. "కలయికప్పుడు నొప్పి, డాక్టరమ్మా" అంటే చాలు, మిగతావి ఆవిడే అడుగుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సిలికాన్‌దైనా, గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్‌దైనా కొనండి. మెత్తగా జిగటగా ఉండి రబ్బరు వాసన కొట్టేది వద్దు, దాని సన్న రంధ్రాల్లో మురికి ఎంత కడిగినా పోదు. సిలికాన్ వస్తువుకు నీళ్లతో చేసిన జెల్లే వాడాలి, సిలికాన్ జెల్ దాన్ని పాడుచేస్తుంది. వాడకముందూ వాడాకా గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే దాచండి. నీళ్లలో మునిగినా పాడవదని చెప్పే ఐపీఎక్స్7 గుర్తు లేకపోతే నీళ్లలో ముంచొద్దు. సెల్స్‌తో నడిచేదైతే సెల్స్ తీసి పెట్టండి, లేకుంటే కారతాయి. మలద్వారం దగ్గర వాడింది కడగకుండా యోని దగ్గరికి తేవొద్దు. పుండు ఉన్నచోట, షుగరుతో మొద్దుబారినచోట వద్దు. అమెరికా నుంచి తెప్పించిన 110 వోల్టుల ప్లగ్గుదాన్ని మన 230కి పెడితే మోటారు కాలిపోతుంది.

చట్టం అంటారా? బాడీ మసాజర్లను అశ్లీల వస్తువులంటూ కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే, అది చెల్లదని 2024లో బొంబాయి హైకోర్టు చెప్పింది. పెట్టె మీద అశ్లీల బొమ్మలుంటే మాత్రం అది వేరే కేసు, అలాంటి ప్యాకింగుది తెప్పించుకోవద్దు.